సముద్రంలో గాలానికి ఒంటరిగా వెళ్ళాలా, స్నేహితుడితోనా?

తణుకు నుంచి ఒక సోదరుడు అడిగారు: "చిన్నప్పటి నుంచీ కాలవల్లో, చెరువుల్లో గాలం వేసే అలవాటుంది. ఇప్పుడు అంతర్వేది వైపు సముద్రంలో వేద్దామనుకుంటున్నాను. నా స్నేహితుడు తానూ వస్తానంటున్నాడు. వాడికి గాలం పట్టుకోవడం కూడా రాదు. తీసుకెళ్తే ఏమైనా లాభం ఉందా, ఒక్కడినే వెళ్తే ప్రశాంతంగా ఉంటుందా?"

తీసుకెళ్ళండి. తోడు లేకపోతే సముద్రానికి అసలు వెళ్ళొద్దు. ఆయనకు గాలం రాకపోవడం అడ్డంకే కాదు, ఒక నెలలో వచ్చేస్తుంది. సముద్రం దగ్గర రెండో మనిషి చేసే పని గాలం వేయడం కాదు, మీరు చూడలేనివి చూడడం. మీరడిగిన ప్రశాంతత కూడా పోదు. ఎందుకో వరసగా చెబుతాను.

మాది రాజోలు దగ్గర. మొదట అంతర్వేది దగ్గరి అన్నాచెల్లెళ్ళ గట్టు మీద నిలబడి గాలం వేయడం మొదలుపెట్టాను, తర్వాత ఫైబర్ బోటు మీద లోపలికి వెళ్ళడం అలవాటైంది. ఏళ్ళ తరబడి నాతో వస్తున్న స్నేహితుడు వేట మీద బతికే కుటుంబం నుంచి వచ్చినవాడు. నాకు గాలం గురించి పుస్తకాల్లో, వీడియోల్లో దొరకని విషయాలన్నీ వాడి దగ్గరే దొరికాయి.

మొదటి లాభం ప్రాణానికి సంబంధించింది. కాలవ గట్టు మీద కూర్చుంటే నీళ్ళు మన మీదికి రావు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలా కాదు. గోదావరి పాయ వశిష్ఠ మొగలో ఇసుక మేటలు ఉంటాయి, అవి ప్రతి వరదకీ జరుగుతాయి. పోయినేడు మోకాలి లోతు ఉన్నచోట ఈ ఏడు నిలువు లోతు ఉండొచ్చు. పాటు మొదలై, అంటే సముద్రం నీరు దిగడం మొదలై, నది నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నప్పుడు, అటు నుంచి గాలి ఎదురొస్తే ఆ మేటల మీద అలలు ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళకు సముద్రం మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మొగలో మాత్రం బోటు తిరగబడేంత అల ఉంటుంది. అందుకే సరంగులు, అంటే బోటు నడిపేవాళ్ళు, వీలైతే పోటు ఎక్కుతున్నప్పుడు గానీ, పోటు నిలిచినప్పుడు గానీ మొగ దాటతారు.

ఇప్పుడు ఆ చోట మీరు నిలబడ్డారనుకోండి. దారం ఒక్కసారి బిగిసింది. ఆ క్షణం నుంచి మీ కళ్ళు రాడ్డు కొనను వదలవు, ఎంత అనుభవం ఉన్నా అంతే. వెనక ఇసుక కోసుకుపోతోందా, పక్క నుంచి పెద్ద అల వస్తోందా అన్నది మీకు తెలియదు. అప్పుడు "బావా, వెనక్కి రా" అని ఒక కేక కావాలి. మా ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటంటే, ఒకరికి చేప తగిలిందంటే రెండోవాడు తన దారం చుట్టేసి సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. చేప వైపు చూడడు. ఇది చెప్పుకోవడానికి చిన్న విషయం, పాటించడం కష్టం, ఎందుకంటే చేపను చూడాలని ఎవరికైనా ఉంటుంది. మీ స్నేహితుడికి మొదటి రోజు మీరు నేర్పాల్సింది ఇదొక్కటే. దీనికి గాలం రానక్కర్లేదు.

రెండోది, చేప ఒడ్డుకొచ్చాక పని. చెరువులో కొరమీనును ఒక్కరే తీయగలరు. సముద్రపు చేపకు ఆయుధాలుంటాయి. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి మొత్తం సలుపుతుంది. సావడాయి, వంజరం పళ్ళు దారాన్ని కత్తిరించినట్టే వేలినీ కత్తిరిస్తాయి. పండుగప్ప చూడ్డానికి సాధువుగా ఉంటుంది గానీ దాని మొప్ప మూత అంచు బ్లేడే.

ఒక తెల్లవారుజామున నాకు మంచి పండుగప్ప తగిలింది. వెలుతురు ఇంకా రాలేదు. తలకు కట్టుకున్న టార్చి వెలుగులో నీళ్ళ పైకి దాని కన్ను ఎర్రగా మెరిసింది, అంతే, గాల్లోకి లేచి తల విదిలించింది. అది తల విదిలించినప్పుడు దారం వదులైతే గాలం ఊడిపోతుంది, మరీ బిగిస్తే దారం తెగుతుంది. నా రెండు చేతులూ రాడ్డుకూ రీలుకూ సరిపోయాయి. నా స్నేహితుడు అల వెనక్కి పోయేదాకా ఆగి, నడుం లోతు దాటకుండా దిగి, తడి తువ్వాలు చేతికి చుట్టుకుని దాని కింది దవడ పట్టుకున్నాడు. మొప్ప వైపు వేలు పోనివ్వలేదు. మరో అల వచ్చేలోపు పైకి వచ్చేశాడు. ఆ పని ఒక్కడినే చేయాలంటే రాడ్డు వదలాలి, లేదా చేపను ఇసుక మీద ఈడ్చాలి. ఈడిస్తే దాని ఒంటి మీది జిగురు పోతుంది, తిరిగి నీళ్ళలో వదిలినా బతకడం కష్టం.

వదలడం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. పండుగప్ప మగచేపగా పెరిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడచేపగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపు ఆడవే, గుడ్లు పెట్టేవే. మేం మరీ పెద్దది పడితే వదిలేస్తాం. ఒకరు దాన్ని నీళ్ళలో వీపు పైకి ఉండేలా పట్టుకుని, అది తనంతట తాను తోక కొట్టేదాకా నిలబడాలి. రెండోవారు కాపలా. ఇదీ ఇద్దరి పనే. తాబేలు విషయంలోనూ అంతే. చలికాలం చివర మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి, ఒక్కోసారి దారంలో చిక్కుకుంటాయి. ఒకరు కదలకుండా పట్టుకుంటే రెండోవారు గాలానికి వీలైనంత దగ్గరగా దారం కోసి వదిలేయాలి. వన్యప్రాణి చట్టం కింద వాటికి గట్టి రక్షణ ఉంది, పైకి లాగి ఫోటోలు దిగకండి.

ఇక దెబ్బ తగిలితే సంగతి. మొగ దగ్గర లోతు తక్కువ నీళ్ళలో టేకు చేపలు ఇసుక కప్పుకుని పడుకుంటాయి. తొక్కితే తోక మొదట్లో ఉన్న ముల్లుతో కొడతాయి. అందుకే అడుగు ఎత్తి వేయకుండా కాళ్ళు ఈడుస్తూ నడవాలి, అలికిడికి అవి పక్కకు పోతాయి. మాతో వచ్చిన ఒక బంధువుకు ఒకసారి మడమ పైన ముల్లు దిగింది. ఆ నొప్పికి మనిషి మాట్లాడలేడు, ఫోన్ నొక్కలేడు, బండి నడపడం సంగతి వదిలేయండి. టీ కోసం తెచ్చుకున్న ఫ్లాస్కులో వేడినీళ్ళుంటే బకెట్టులో పోసి, ఓర్చుకోగలిగినంత వేడి ఉండేలా కాస్త చన్నీళ్ళు కలిపి కాలు అందులో పెట్టించాం. దాని విషం వేడికి పనితనం కోల్పోతుంది, అరగంట నుంచి గంటన్నర దాకా అలా ఉంచితే నొప్పి దిగుతుంది. వేడి ఎంతో ముందు దెబ్బ తగలని వాళ్ళే తమ చెయ్యి పెట్టి చూడాలి, నొప్పిలో ఉన్నవాళ్ళకు కాలుతున్నా తెలియదు. తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళి గాయం శుభ్రం చేయించి టీటీ ఇంజెక్షన్ వేయించాం. ఆ రోజు ఆయన ఒక్కడే వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇప్పుడు మా సంచిలో గాలాలతో పాటు ఉండే వస్తువు.

మూడోది, ఇద్దరుంటే సముద్రం రెండింతలు త్వరగా అర్థమవుతుంది. ఇది అంతా ఒకేసారి వచ్చే చదువు కాదు. నీటి రంగు, గాలి, తిథి, పోటుపాట్లు, ఎర, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఒక్కరే వెళ్తే ఒక రోజుకు ఒక పద్ధతే పరీక్షించగలరు. ఇద్దరైతే ఒకరు సీసం గుండు కట్టి బతికున్న రొయ్యతో అడుగున వేయండి, రెండోవారు ప్లాస్టిక్ చేపతో పై నీళ్ళలో విసరండి. గంటలో ఆ రోజు చేప ఎక్కడ తింటోందో తెలిసిపోతుంది. తెలిశాక ఇద్దరూ ఆ పద్ధతికే మారండి. మేం ఒక పాత డైరీలో తిథి, పోటు వేళ, గాలి ఎటు నుంచి వీచింది, ఏం పడింది అన్నది రాసుకుంటాం. ఒకరు మర్చిపోయింది రెండోవారు గుర్తుచేస్తారు. ఆ డైరీ తిరగేస్తే నాకు కనిపించేది ఏమిటంటే, మొగ దగ్గర పండుగప్ప, మాగ ఎక్కువగా నీరు మళ్ళే వేళల్లోనే తగిలాయి, అంటే పోటు నిండి పాటు మొదలయ్యేటప్పుడు, లేదా పాటు అయిపోయి మళ్ళీ పోటు ఎక్కేటప్పుడు.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యం. పౌర్ణమికి, అమావాస్యకు నీటి లాగుడు బలంగా ఉంటుంది. మీ స్నేహితుడు కొత్త కాబట్టి మొదటిసారి అష్టమి, నవమి, దశమి రోజుల్లో చూసుకోండి, లాగుడు నెమ్మదిగా ఉంటుంది. చేప కాస్త తక్కువ పడినా ఫర్వాలేదు.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. డీజిల్, ఐసు, ఎర, బోటు కిరాయి సగం సగం అవుతాయి. అంతకంటే ఇందులో చెప్పుకోవాల్సింది లేదు.

మీరు అడిగిన ప్రశాంతత గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఈ సందేహం ఉంటుంది. పక్కన మనిషుంటే మాటలు తప్పవు, మాటలుంటే మనసు తేలికపడదు అనుకుంటారు. గాలం దగ్గర జరిగేది వేరు. ఇద్దరి చూపూ ఎదురెదురుగా ఉండదు, సముద్రం మీద ఉంటుంది. అరగంట ఎవరూ మాట్లాడకపోయినా ఎబ్బెట్టుగా అనిపించదు, చేతిలో పని ఉంది కాబట్టి. కాఫీ హోటల్లో ఇద్దరం అరగంట మాట్లాడకుండా కూర్చుంటే ఏదో గొడవైందనుకుంటారు.

మా ఊళ్ళో నాకు ఇంకో స్నేహితుడున్నాడు, రొయ్యల చెరువులు చేస్తాడు. వన్నామీ రొయ్య వేసిన చెరువు తెల్లమచ్చ తెగులుతో పోయింది. గోదావరి జిల్లాల్లో ఆక్వా చేసే ఇంట్లో ఈ మాట అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మేత బాకీ, కరెంటు బిల్లు, లీజు డబ్బు అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాడు ఇంట్లో ఏం మాట్లాడేవాడు కాదు. భోజనం దగ్గర కూర్చుంటే ఫోన్ చూసుకునేవాడు. మేం పలకరిస్తే "ఏం లేదు బావా, అంతా బానే ఉంది" అనేవాడు. వాళ్ళావిడ మా ఇంటికొచ్చి "అన్నయ్యా, మీరైనా ఒకసారి ఎటైనా తీసుకెళ్ళండి" అంది. నేను ఏదీ అడగలేదు, రేపు పొద్దున్న గట్టుకెళ్దాం, రొయ్య ఎర నువ్వు తీసుకురా అన్నాను.

మొదటి రెండుసార్లు ఏం చెప్పలేదు. ఎర గుచ్చడం, విసరడం, చుట్టడం, అంతే. మూడోసారో నాలుగోసారో, దారం వైపే చూస్తూ అప్పు ఎంతో చెప్పాడు. ఆ అంకె అంతకుముందు ఎవరికీ చెప్పలేదట. నేను వెంటనే సలహాలేమీ ఇవ్వలేదు. వాడి మాట అయిపోయాక ఎర మార్చి మళ్ళీ వేశాం. ఆ తర్వాత ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు, మేత కంపెనీ డీలరుతో కూర్చుని వాయిదాలు మాట్లాడుకున్నాడు. అప్పు గాలం తీర్చలేదు, వాడే తీర్చుకుంటున్నాడు. కానీ నిద్ర పడుతోంది, మనిషి మళ్ళీ పలుకుతున్నాడు. టెన్షన్ మరీ ఎక్కువై నిద్ర లేకుండా ఉన్నవాళ్ళకు డాక్టరు అవసరం ఉంటుంది, గాలం దానికి బదులు కాదు. కానీ డాక్టరు దాకా వెళ్ళడానికి ముందు ఒక మనిషి దగ్గర నోరు తెరవాలి కదా, దానికి ఈ చోటు బాగా పనికొస్తుందని నా నమ్మకం.

అందుకే నేను ఇద్దరు అంటున్నాను, నలుగురు కాదు. నలుగురైతే పిక్నిక్ అవుతుంది, ఎవరూ సముద్రం వైపు చూడరు.

ఎలాంటి స్నేహితుడు కావాలి? గాలం వచ్చినవాడు కాదు, మాట వినేవాడు. మందు తాగకుండా రాలేనన్నవాడిని ఎంత ప్రాణస్నేహితుడైనా తీసుకెళ్ళకండి. సరంగు మాటకు ఎదురు చెప్పేవాడినీ వద్దు. బోటు మీద సరంగు చెప్పిందే చివరి మాట. ఈత రాకపోతే గట్టు మీద లోపలికి దిగకుండా వేయొచ్చు, బోటు ఎక్కితే వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఒంటి మీద బిగించుకోవాలి, తల కింద దిండులా పెట్టుకోకూడదు. కొత్తవాళ్ళకు బోటు మీద కడుపులో తిప్పుతుంది. రాత్రి బాగా నిద్రపోయి, ఖాళీ కడుపుతో కాకుండా తేలిగ్గా తిని రావాలి. బోటు అడుగు వైపు చూడకుండా దూరంగా నీరూ ఆకాశం కలిసే చోటు చూస్తూ కూర్చోమనండి. మాత్ర కావాలంటే డాక్టరునడిగి బయల్దేరకముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే నిలవదు.

ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి. ఇద్దరిలో ఎవరు "ఇక వెళ్ళిపోదాం" అన్నా, కారణం అడక్కుండా దారాలు చుట్టేయాలి. భయపడ్డావా అని ఎగతాళి చేయకూడదు. చేపలు బాగా పడుతున్నప్పుడే ఈ మాటకు విలువ. నా స్నేహితుడు ఒకసారి మబ్బేమీ లేని పొద్దున గాలి మళ్ళిందని బయల్దేరదామన్నాడు. మేం గట్టెక్కి టీ తాగుతుండగా ఈదురుగాలి లేచింది. అది లేవకపోయినా నేను అలాగే లేచి వచ్చేవాడిని.

కాలాలు తెలుసుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రోజుల్లో ఎవరైనా రహస్యంగా బోటు ఇస్తామన్నా ఒప్పుకోకండి. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగుతుంది. పులస కోసం వలలవాళ్ళు నదిలో తిరిగే కాలమది, మొగ దగ్గర వరద లాగుడు, కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క ఉంటాయి, కొత్తవాళ్ళు పోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా వాయుగుండాల భయం. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులో వేటకెళ్ళి తిరిగిరానివాళ్ళు వందల్లో ఉన్నారు, తీరం ఊళ్ళలో ఆ తేదీని ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి హెచ్చరికలు ముందే ఇస్తోంది. ముందు రోజు సాయంత్రం అవి చూడండి, చూశాక పల్లెలో పెద్దవాళ్ళను కూడా అడగండి. మీకు జనవరి సగం నుంచి మార్చి దాకా బాగుంటుంది. అంతర్వేది కల్యాణం రోజుల్లో మాత్రం తీరమంతా జనమే, ఆ వారం వదిలేయండి.

తణుకు నుంచి మీకు దారి సులువే. నరసాపురం వచ్చి, పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటితే అక్కడి నుంచి అంతర్వేది దగ్గరే. బోటు కావాలంటే పల్లిపాలెంలో రిజిస్ట్రేషన్ ఉన్న బోటునే మాట్లాడుకోండి. వలలు వేసి ఉన్నచోట మీ గాలం వేయకండి. ఒక వల చిరిగితే ఒక ఇంటికి వారం కూలి పోయినట్టే. ఇంట్లో ఎప్పుడు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో, ఏ బోటో రాసిచ్చి వెళ్ళండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర భద్రత పోలీసులది 1093. ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఫోన్లు రెండూ ఒకే సంచిలో పెట్టకండి. తీరం దాటాక సిగ్నల్ పోతుంది కాబట్టి బోటులో వైర్‌లెస్ సెట్ ఉందో లేదో ఎక్కేముందే అడగండి.

సామాన్ల గురించి విడిగా అడిగితే విడిగా రాస్తాను. ప్రస్తుతానికి మీ దగ్గరున్న చెరువు రాడ్డు చాలదు. గట్టు మీద నుంచి వేయడానికి పది పన్నెండు అడుగుల రాడ్డు, ఉప్పునీటికి తట్టుకునే రీలు కావాలి. మొదట ఒకటే కొనండి, ఇద్దరూ మార్చి మార్చి వేయండి. వేయనివాళ్ళు సముద్రం చూడాలి, ఇందాక చెప్పిన అలవాటు దీంతో దానంతటదే వస్తుంది.

పడిన చేపల్లో చిన్నవి వదిలేసి, మిగిలినవి అక్కడికక్కడే సగం చేసుకోండి. ఎవరి గాలానికి పడింది అన్న లెక్క పెట్టుకోకండి.

మీ స్నేహితుడికి ఈత వచ్చో రాదో, మీరిద్దరూ ఏ నెలలో వెళ్దామనుకుంటున్నారో కింద రాయండి. దాన్ని బట్టి గట్టు మీదే మొదలుపెట్టాలా, నేరుగా బోటు మాట్లాడుకోవచ్చా, ఏ తిథి చూసుకోవాలో చెబుతాను.